మా ఇంట్లో 'తొంభైతొమ్మిది'

రెండేళ్ళ మూడు నెలలపాటు ఒక ఎపిసోడ్ చూడకుండా దాచుకున్నాం. నేనూ, తమ్ముడూ, అమ్మా. ముగ్గురం దాచుకున్నామనే అనుకున్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

దాచుకున్నది 'బ్రూక్లిన్ నైన్-నైన్' చివరి భాగం. రెండు ముక్కలూ కలిపినా ముప్పావుగంటకి మించదు. న్యూయార్క్‌లోని ఒక పోలీస్ స్టేషన్, అందులో ఏడెనిమిది మంది, వాళ్ళ గోల. అమెరికాలో 2013 సెప్టెంబర్ 17న మొదలై, 2021 సెప్టెంబర్ 16న అయిపోయింది. సరిగ్గా ఎనిమిదేళ్ళకి ఒక్కరోజు తక్కువ. మొత్తం 8 సీజన్లు, 153 ఎపిసోడ్లు. ఈ లెక్కలన్నీ తమ్ముడివి. వాడికి పరీక్షల్లో రాజుల పేర్లు గుర్తుండేవి కావు గానీ ఇలాంటివి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

2014 మొదట్లో ఆ సీరియల్‌కీ, అందులో హీరోగా వేసిన ఆండీ శాంబర్గ్‌కీ గోల్డెన్ గ్లోబ్ అవార్డులొచ్చాయి. ఎవరి దగ్గరో హార్డ్ డిస్క్ తెచ్చి, దాన్ని టీవీకి తగిలించి, "అక్కా, ఒక్కటంటే ఒక్కటి చూడు, ఇరవై నిమిషాలే" అని వీడు నా ప్రాణం తీశాడు. అమ్మ పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మేం ఇంగ్లీషువి చూస్తుంటే ఆవిడ ఎప్పుడూ తలెత్తి చూసింది లేదు. "వాళ్ళు నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడతారు" అనేది.

మొదటి ఎపిసోడ్‌లో కొత్త కెప్టెన్ వస్తాడు. రేమండ్ హోల్ట్. నవ్వడు, గొంతు పెంచడు, కనుబొమ్మ కూడా కదపడు. రాగానే డిటెక్టివ్ జేక్ పెరాల్టాని టై కట్టుకోమంటాడు. జేక్ ఆ ఒక్క పనీ తప్ప అన్నీ చేస్తాడు. చివరికి ఒకచోట బుద్ధిగా టై కట్టుకుని నిలబడి కనిపిస్తాడు. కెప్టెన్‌తో పాటు మనమూ 'అమ్మయ్య, దారికొచ్చాడు' అనుకుంటాం. అప్పుడు తెలుస్తుంది, అయ్యగారు పైన టై కట్టారు గానీ కింద ప్యాంటు వెయ్యలేదని. చేతిలో తువ్వాలు సగం మడతలో ఉండగానే అమ్మ పకపకా నవ్వింది. "వీడెవడే, మనవాడిలాగే ఉన్నాడు!" అంది తమ్ముణ్ణి చూపించి.

ఆ రోజుతో మొదలు.

అమ్మకి ఇంగ్లీషు బొత్తిగా రాదనలేం. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. వాళ్ళ వేగానికి మాత్రం అందుకోలేదు. అందుకని నేను దుబాసీని. ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్ మా ఇంట్లో నలభై నిమిషాలు నడిచేది. "ఆపు ఆపు, ఏవన్నాడు?" అని ఆవిడ, ఆపి నేను చెప్పడం, చెప్పేలోపు తమ్ముడు "అక్కా, అది అలా కాదు" అని సవరించడం. జోకుని విడమరిచి చెప్తే చచ్చిపోతుందంటారు గానీ అమ్మ దగ్గర ఏవీ చావలేదు. ఆవిడ నవ్వు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చేదంతే.

పైగా ఆ సీరియల్లో వెనకనుంచి నవ్వులు వినిపించవు. కొన్నింటిలో జనం నవ్వే శబ్దం కలుపుతారు చూడండి, ఎక్కడ నవ్వాలో మనకి గుర్తుచెయ్యడానికి. ఇందులో అది లేదు. ఎక్కడ నవ్వాలో మనమే తేల్చుకోవాలి. అమ్మ కొన్నిచోట్ల మేం నవ్వని వాటికి నవ్వేది. హోల్ట్ ఒట్టినే గదిలోకి వచ్చి నిలబడితే చాలు, నవ్వేది. "ఏముందమ్మా ఇప్పుడు నవ్వడానికి?" అంటే, "ఆ మొహం చూడు, ఇంట్లో ఎవరో పోయినట్టు పెట్టాడు. ఇప్పుడు ఆయన చెప్పబోయేది చాలా సంతోషంగా ఉందని" అనేది. నిజంగానే ఆయన అదే చెప్పేవాడు. ఏ భావమైనా అదే మొహం, అదే గొంతు. తేడా ఎక్కడుందో మా ఇద్దరికంటే ముందు అమ్మే పట్టింది.

పేర్లన్నీ ఆవిడే పెట్టింది. హోల్ట్ 'పెద్దాయన'. జేక్ 'అల్లరోడు'. ఫైళ్ళకి రంగురంగుల చీటీలు అంటించుకునే ఏమీ శాంటియాగో 'ఫస్టు ర్యాంకు పిల్ల'. తోలుకోటు వేసుకుని ఎవరితోనూ సొంత విషయాలు చెప్పని రోసా డియాజ్ 'నల్లకోటు'. జేక్ వెనకే తిరిగే చార్ల్స్ బాయిల్ 'తోక'. టెర్రీ 'పహిల్వాను'. ఆ వేషం వేసిన టెర్రీ క్రూస్ ఒకప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడేనని తమ్ముడు చెప్తే, "ఆ భుజాలు చూస్తే చెప్పాలా?" అంది. ఫోన్లోంచి తలెత్తని జీనా 'ఫోను పిల్ల'. ఏ పనీ చెయ్యకుండా కుర్చీలకి అతుక్కుపోయిన హిచ్‌కాక్, స్కల్లీలని మాత్రం విడదీసేది కాదు, 'ఆ ఇద్దరూ' అనేది. ఆఫీసులో ఇలాంటి ఇద్దరు ఉండని చోటు లేదని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది.

సీరియల్ పేరుని ఆవిడ తెలుగులోనే పిలిచేది. "ఇవాళ తొంభైతొమ్మిది పెట్టరా?" అని. వాళ్ళు అందరూ కలిసి 'నైన్-నైన్!' అని కేక పెట్టినప్పుడల్లా "ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోగొట్టారో" అనేది. ఈ జోకు ఎనిమిది సీజన్లూ వేసింది. మేం ఎనిమిది సీజన్లూ విసుక్కున్నాం.

"పెట్టరా" అని ఎందుకడిగేదంటే, రిమోట్ ఆవిడకి రాదు. "ఆ బటన్లు నాకు తెలీవమ్మా, ఏదో ఒకటి నొక్కితే అంతా పోతుంది" అనేది. మేం వచ్చి కూర్చుని పెట్టాల్సిందే.

అమ్మకి ఎంత చెప్పినా ఎక్కని జోకు ఒకటుంది. జేక్ మాటల్లో పడి నోరుజారి హోల్ట్‌ని 'డాడ్' అనేస్తాడు. స్టేషనంతా పట్టుకుంటుంది. వాడు అనలేదంటాడు, వీళ్ళు అన్నావంటారు. హోల్ట్ తాపీగా, నన్ను తండ్రిలా చూస్తున్నావా అన్నట్టు అడుగుతాడు. మేమిద్దరం పడీపడీ నవ్వుతుంటే అమ్మ మొహం మొహంగా లేదు. "నాన్నా అంటే తప్పేముంది? అంత గోలెందుకు?" అంది. నిజమే. ఆవిడ తమ్ముణ్ణి రోజుకి పాతికసార్లు 'నాన్నా' అంటుంది. తిట్టడానికి ముందు కూడా 'ఒరేయ్ నాన్నా' అనే మొదలెడుతుంది. పరాయి పిల్లాడు ఏడుస్తున్నా 'ఊరుకో నాన్నా' అంటుంది. తండ్రిని పిలిచే మాటతోనే కొడుకునీ పిలిచే భాషలో ఈ జోకుని ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. "పైఅధికారిని అలా అనకూడదమ్మా, అక్కడ నామోషీ" అన్నాను. "అనాలనిపించింది, అన్నాడు. నామోషీ దేనికి?" అని బట్టలు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

ఇంకొక పోట్లాట మాత్రం నాలుగు రోజులు నడిచింది. నాలుగో సీజన్లో హోల్ట్‌కీ, ఆయన జీవిత సహచరుడు కెవిన్‌కీ ఒక లెక్క దగ్గర మాటామాటా వస్తుంది. మూడు తలుపులు, ఒకదాని వెనక బహుమతి. నువ్వు ఒక తలుపు ఎంచుకున్నావు. ఆట ఆడించేవాడు మిగిలిన రెంటిలో ఖాళీది ఒకటి తెరిచి చూపించి, 'మార్చుకుంటావా?' అంటాడు. మార్చుకోవాలా, వద్దా? లెక్కల్లో దీన్ని మాంటీ హాల్ సమస్య అంటారు. మారిస్తే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులని కెవిన్. రెండే తలుపులు మిగిలాయి కాబట్టి సగం సగం అని హోల్ట్. తప్పు హోల్ట్‌దే. అమ్మ హోల్ట్ పక్షం.

తమ్ముడు ఊరుకోలేదు. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద బీరువా తాళంచెవి పెట్టాడు. అమ్మ ఒక గ్లాసు చూపించాలి, వాడు ఖాళీది ఎత్తాలి, అమ్మ ప్రతిసారీ మార్చుకోవాలి. నేను పాత డైరీలో గీతలు గీస్తూ కూర్చున్నాను. ముప్ఫైసార్లు ఆడించాడు. పంతొమ్మిదిసార్లు తాళంచెవి దొరికింది. "చూశావా? సగమైతే పదిహేనే రావాలి" అని వాడు ఎగిరాడు. అమ్మ గ్లాసులు తీసి లోపల పెడుతూ, "నువ్వు ఎత్తేది ఖాళీదేనని నీకు ముందే తెలుసు కాబట్టి అలా వచ్చింది. తెలీకుండా ఎత్తి చూడు, అప్పుడు చెప్తా" అంది, ఓడిపోయిన ఉక్రోషంతో. తమ్ముడు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. ఆ లెక్కలో కీలకం సరిగ్గా అదే. తలుపు తెరిచేవాడికి బహుమతి ఎక్కడుందో తెలుసన్నదే. నాలుగు రోజులు వాదించి గెలవడానికి వాడు చెప్పాల్సిన మాటని ఆవిడ సాకుగా చెప్పేసింది.

దుబాసీ అక్కర్లేకుండా అమ్మ చూసిన ఎపిసోడ్ ఒక్కటే. అయిదో సీజన్లో 'ది బాక్స్'. దాదాపు మొత్తం ఒక్క గదిలో జరుగుతుంది. రాత్రంతా జేక్, హోల్ట్ కలిసి ఒక పళ్ళడాక్టర్‌ని విచారిస్తారు. ఆ డాక్టరు వేషం స్టెర్లింగ్ కె. బ్రౌన్ వేశాడు. సాక్ష్యం లేదు, తెల్లారితే వాడు వెళ్ళిపోతాడు. ముగ్గురు మనుషులు, ఒక బల్ల. నేను అలవాటుగా ఆపబోతే, "ఆపకు" అంది. ఇరవై నిమిషాలూ కళ్ళార్పలేదు. హోల్ట్ ఓపిక నశించి అరిచే చోట మాత్రం ఉలిక్కిపడింది.

హోల్ట్‌గా వేసిన ఆండ్రే బ్రౌగర్‌కి అలాంటి గది కొత్త కాదని నాకు అప్పుడే తెలిసింది. ఈయన హాస్యంలోకి రాకముందు తొంభైల్లో 'హోమిసైడ్' అనే సీరియల్లో బాల్టిమోర్ డిటెక్టివ్ ఫ్రాంక్ పెంబుల్టన్‌గా వేశాడు. నిందితులతో నిజం కక్కించడంలో మహా ఘటికుడు. అందులోనూ విచారణ గదిని 'బాక్స్' అనే పిలిచేవాళ్ళు. ఆ వేషానికే 1998లో ఎమ్మీ, అంటే అమెరికా టీవీ అవార్డు, వచ్చింది. హోల్ట్‌కి నాలుగుసార్లు నామినేషన్ వచ్చింది, అవార్డు మాత్రం రాలేదు. ఇప్పటికీ నాకు అది కడుపుమంటే. నవ్వు మొహంతో నవ్వించేవాళ్ళు చాలామంది ఉన్నారు. జూలియార్డ్‌లో నటన చదివి, షేక్‌స్పియర్ నాటకాలాడిన గొంతుని ఒక్క అంగుళం కూడా దించకుండా, దానితోనే కుక్కపిల్ల గురించి మాట్లాడి నవ్వించడం ఎంత కష్టమో ఎమ్మీలిచ్చేవాళ్ళకి ఎవరు చెప్తారు? ఆ కుక్కపిల్ల పేరు చెడ్డర్. అమ్మకి ఆ ఒక్క పేరే సరిగ్గా నోరు తిరిగేది.

2018 మే 10న, దాన్ని వేసే ఫాక్స్ ఛానల్ వాళ్ళు సీరియల్ ఆపేస్తున్నట్టు చెప్పారు. తమ్ముడు అప్పటికి హాస్టల్లో ఉన్నాడు. అర్ధరాత్రి ఫోన్ చేసి, "అక్కా, తొంభైతొమ్మిది పోయింది" అన్నాడు. మర్నాడు లోకమంతా గగ్గోలు. 'స్టార్ వార్స్' మార్క్ హామిల్, దర్శకుడు గియెర్మో దెల్ తోరో లాంటివాళ్ళు కూడా ట్విట్టర్లో మొత్తుకున్నారు. ముప్ఫై ఒక్క గంటలు తిరిగేసరికి ఎన్‌బీసీ అనే ఇంకో ఛానల్ తీసుకుంది. అభిమానుల ఏడుపు చూసి తీసుకున్నారని మేం మురిసిపోయాం గానీ, అసలు దాన్ని తీసే స్టూడియో మొదట్నుంచీ ఎన్‌బీసీ వాళ్ళ సొంత గూటిదే. ఇంట్లో పిల్ల ఇంటికే వచ్చింది. అమ్మకి చెప్తే, "ట్రాన్స్‌ఫర్ అయిందన్నమాట. పోలీసులన్నాక అవుతాయి" అంది.

అప్పటినుంచే ఏదో తెలీని భయం పట్టుకుంది మాకు. ఒకసారి చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషిని చూసినట్టు చూసేవాళ్ళం. ప్రతి సీజన్ చివరా 'ఇదే ఆఖరేమో' అనుకోవడం. ఆరో సీజన్లో నాలుగో ఎపిసోడ్‌కే ఫోను పిల్ల వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే సర్దుకుంటున్నారా అనిపించింది. ఏడో సీజన్ 2020 ఏప్రిల్‌లో, ఊరంతా కరెంటు పోయిన రాత్రి స్టేషన్లోనే ఏమీ శాంటియాగో కాన్పుతో ముగిసింది. కరోనాతో ఇళ్ళల్లో ఇరుక్కుపోయి చూశాం. బయటికెళ్ళే మనుషుల్ని చూడ్డమే వింతగా ఉండేది.

సుమారు నెల తర్వాత మే 25న మినియాపొలిస్‌లో ఒక పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాడు. ఆ వీడియో అమ్మ కూడా చూసింది. ఆ రాత్రి ఎవరూ తొంభైతొమ్మిది పెట్టమనలేదు. మర్నాడూ అడగలేదు. చాలా రోజులు అడగలేదు.

ఆ సీరియల్ తీసేవాళ్ళకీ అదే పరిస్థితి. ఎనిమిదో సీజన్ కోసం రాసుకున్న నాలుగు ఎపిసోడ్లని చెత్తబుట్టలో వేసి మళ్ళీ మొదలుపెట్టామని టెర్రీ క్రూస్ చెప్పాడు. నిజానికి ఈ విషయం వాళ్ళు ముందు ఎత్తనిదేం కాదు. నాలుగో సీజన్లో ఒక రాత్రి టెర్రీ తన వీధిలోనే, తన ఇంటి ముందే, కూతురు పారేసుకున్న వస్తువుని వెతుకుతుంటాడు. యూనిఫాం లేదు. ఒక పోలీసు ఆపుతాడు, నల్లవాడన్న ఒక్క కారణంతో. అమ్మ ఆ ఎపిసోడ్‌లో, "వీడూ పోలీసే కదా, చెప్పొచ్చుగా?" అంది. పోలీసునని చెప్పాకే వదిలారు, చెప్పుకోవడానికి అది లేనివాడి సంగతేంటి అన్నదే టెర్రీ బాధ. నేను అది చెప్పాక అమ్మ "ఊఁ" అని ఊరుకుంది.

ఎనిమిదే ఆఖరి సీజనని 2021 ఫిబ్రవరిలో చెప్పారు. పదే ఎపిసోడ్లు. ఆగస్టు 12న మొదలు, వారానికి రెండేసి.

తమ్ముడు అప్పటికి ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో ఉన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టుకుని, "మూడు, రెండు, ఒకటి, నొక్కు" అని ఇద్దరం ఒకేసారి మొదలెట్టేవాళ్ళం. ఎంత చేసినా వాడిది రెండు సెకన్లు ముందుండేది. ఫోన్లోంచి వాడి నవ్వు ముందొచ్చేది, తర్వాత జోకు, ఆ తర్వాత అమ్మ "ఏవన్నాడు?". ఆ ఇంట్లో వాడొక్కడే కూర్చుని నవ్వుతున్న చప్పుడు ఫోన్లో వింటే అదోలా ఉండేది. వాడున్నప్పుడు ఎప్పుడూ వినని నవ్వు అది.

ఆ సీజన్ గురించి నా అభిప్రాయం అడిగితే, అది ఎగుడుదిగుడు. మొదట్లోనే రోసా ఉద్యోగం మానేసి, పోలీసుల చేతుల్లో దెబ్బతిన్నవాళ్ళ తరఫున పనిచేస్తుంది. హోల్ట్, కెవిన్ విడిగా ఉంటారు. పోలీసు యూనియన్ నాయకుడొకడు వస్తాడు, వాణ్ణి మరీ బొమ్మలా చేశారు. కొన్నిచోట్ల కథ చెప్తున్నట్టు కాక సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు ఉంది. నవ్వబోయి, 'ఇప్పుడు నవ్వొచ్చా?' అని ఒకసారి చుట్టూ చూసుకున్నట్టు. అయినా ఏమీ జరగనట్టు మళ్ళీ దొంగాటలు ఆడుకుంటే మాత్రం నేను చూసేదాన్ని కాదు. ఆ ఇబ్బందితోనే నిలబడ్డారు, అందుకు వాళ్ళంటే గౌరవమే.

అమ్మ గోల వేరు. "గవర్నమెంటు ఉద్యోగం మానేసిందా!" అని రోసా మీద రెండు వారాలు బెంగపెట్టుకుంది. కరోనా వల్ల హిచ్‌కాక్ రిటైరై బ్రెజిల్ వెళ్ళిపోయి ఫోన్ తెరమీదే కనిపిస్తుంటే, "పాపం స్కల్లీ, ఒంటరివాడైపోయాడు" అంది. అప్పుడు మా ముగ్గురిలో ఒకడు కూడా ఫోన్లోనే ఉన్నాడు. ఎవరం ఏమీ అనలేదు.

వీటికి ముందుతరం పోలీసు కామెడీ 'బార్నీ మిల్లర్' 1982లో ఎలా ముగిసిందో ఆ రోజుల్లోనే చదివాను. వాళ్ళ పాత స్టేషన్ భవనం చారిత్రక కట్టడమని తేలి, దాన్ని కాపాడటానికని అందులో ఉన్నవాళ్ళని తలో చోటికీ పంపేస్తారట. భవనం మిగులుతుంది, మనుషులు చెదిరిపోతారు. ఇది ఫోన్లో చెప్తే తమ్ముడు, "అక్కా, దయచేసి ఇప్పుడు ఇలాంటివి చెప్పకు" అన్నాడు.

ఎనిమిది ఎపిసోడ్లు అయ్యాక, సెప్టెంబర్‌లో ఆ ఆఖరి రెండూ వచ్చిన రోజు, ఫోన్లో "మూడు, రెండు" దాకా లెక్కపెట్టి వాడు ఆగిపోయాడు.

"అక్కా, వద్దు. నేను వచ్చాక చూద్దాం. ఫోన్లో బాగోదు."

"ఎప్పుడొస్తావు?"

"వస్తాగా."

సరేనన్నాను. అమ్మ కూడా సరేనంది.

వాడు వచ్చాడు. రెండు రోజులుండి వెళ్ళాడు, కుదరలేదు. మళ్ళీ వచ్చాడు. అప్పుడు కుదిరేదే, కానీ ఇద్దరం ఆ మాటెత్తలేదు. తర్వాత అదొక అలవాటైపోయింది. ఏదైనా విసుగు పుట్టినప్పుడు, 'ఇంకొకటి ఉంది' అనుకోవడం బాగుండేది. ఆ తెరమీద బొమ్మ పక్కన 'చూడనివి' అని ఉన్నంతకాలం వాళ్ళంతా ఆ స్టేషన్లోనే ఉన్నట్టు. అల్లరోడింకా ఏదో వెధవపని చేస్తూనే ఉంటాడు, పెద్దాయన గదిలోంచి చూస్తూనే ఉంటాడు. పాతవి మాత్రం మళ్ళీ మళ్ళీ వేసుకునేవాళ్ళం. జేక్, ఏమీల పెళ్ళి స్టేషన్ బయట రోడ్డుమీద, హోల్ట్ చేయించేది, అమ్మకి ఎన్నిసార్లయినా చాలదు. ఆ రోడ్డు న్యూయార్క్‌ది కాదనీ, సీరియల్ తీసేదంతా లాస్ ఏంజెలెస్‌లోననీ తమ్ముడు చెప్తే వాణ్ణి కసిరింది.

2023 డిసెంబర్ 13 పొద్దున్న. ఫోన్లో తమ్ముడి మెసేజ్. "పెద్దాయన పోయారు." అంతే.

ఒక్కక్షణం గుండె ఆగినంత పనైంది. మా బంధువుల్లో పెద్దాయన అనదగ్గ వాళ్ళందరి మొహాలూ వరసగా కళ్ళముందు తిరిగాయి. రెండో మెసేజ్‌లో వార్త తాలూకు లింకు వచ్చింది. ఆండ్రే బ్రౌగర్, డిసెంబర్ 11న, కొద్దిపాటి అనారోగ్యంతో. ఊపిరితిత్తుల కాన్సరని తర్వాత తెలిసింది.

అమ్మకి చెప్పాను. మాట్లాడకుండా కాసేపు కూర్చుంది.

"ఎంత వయసు?"

"అరవై ఒకటి."

"నాకంటే రెండేళ్ళు చిన్న" అంది. తర్వాత మళ్ళీ తనలో తను, "పెద్దాయన, పెద్దాయన అని ఇన్నాళ్ళూ పిలిచాను. నాకంటే చిన్నాడు" అంది.

ఆ శనివారం తమ్ముడు వచ్చాడు, చెప్పాపెట్టకుండా. బ్యాగు తలుపు దగ్గర పడేసి, "చూసేద్దాం" అన్నాడు. నేను రిమోట్ తీశాను. ముగ్గురం ఎప్పటిలాగే, తమ్ముడు కింద గోడకి ఆనుకుని, నేను సోఫాలో, అమ్మ నా పక్కన. ఒళ్ళో మడతపెట్టని బట్టలు.

అదేం ఆఖరని కథ నెమ్మదించలేదు. మొదలైందే వాళ్ళ దొంగాటతో. ఏటేటా హాలోవీన్‌కి ఒకర్నొకరు మోసం చేసుకుంటూ ఒక వస్తువు కొట్టేసే ఆట ఉంది కదా, ఈసారి అందరికీ వీడ్కోలు కూడా అదే. హోల్ట్, ఏమీ శాంటియాగో ఇద్దరూ పోలీసు వ్యవస్థని బాగుచేసే పనిమీద పై పదవులకి వెళ్తున్నారు. పాత ఎపిసోడ్ల ముక్కలు, మర్చిపోయిన మొహాలు, మలుపుమీద మలుపు. తమ్ముడు మోకాళ్ళమీద లేచి కూర్చున్నాడు. ఫోను పిల్ల వెనక్కి వచ్చినప్పుడు మేమిద్దరం "అరె!" అని అరిచాం.

అమ్మ అరవలేదు. అప్పుడు పట్టించుకోలేదు నేను. ఇంకో విషయం కూడా పట్టించుకోలేదు. గంటలో సగం గడిచినా ఆవిడ ఒక్కసారి కూడా "ఏవన్నాడు?" అనలేదు. ఒకటి రెండుచోట్ల మాకంటే ముందే నవ్వింది. నవ్వు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చే మనిషి.

చివర్లో జేక్ కూడా ఉద్యోగం మానేసి, కొడుకుని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోదామనుకుంటాడు. అమ్మ ఈసారి గవర్నమెంటు ఉద్యోగం గురించి ఒక్క మాటా అనలేదు. జేక్, హోల్ట్ ఇద్దరే మిగిలారు తెరమీద. హోల్ట్ మొహం ఎప్పటిలాగే కదలట్లేదు.

"ఇప్పుడు కొడుకు మాట అంటాడు చూడండి" అంది అమ్మ.

అన్నాడు. తనకే ఒక కొడుకుండి, వాడు నీలాగా తయారైతే చాలా గర్వపడేవాణ్ణి అన్నాడు. ఎప్పుడో నోరుజారిన 'డాడ్'కి ఇన్నేళ్ళకి జవాబు. నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు, ఎందుకంటే తమ్ముడు వెనక్కి తిరిగి అమ్మని చూస్తున్నాడు. నేను ఆపేశాను.

"నీకెలా తెలుసు?" అన్నాడు వాడు.

అమ్మ బట్టలకేసి చూసింది. "చూశాను."

"ఎప్పుడు?"

"అప్పుడే. మీరు ఫోన్లో వద్దనుకున్నారు చూడు, ఆ మర్నాడు మధ్యాహ్నం. అక్క ఆఫీసు పనిలో ఉంటే."

"అర్థమైందా?" అన్నాను నేను. ఇన్నేళ్ళ దుబాసీ ఉద్యోగం పోయినట్టుంది నాకు.

"మొదటిసారి సగం కాలేదు. కింద అక్షరాలు పడతాయిగా, ఆపుకుంటూ చదువుకున్నా. రెండోసారికి బాగానే అయింది."

"రెండోసారా! మొత్తం ఎన్నిసార్లు చూశావు?"

"ఏమో, నాలుగైదు. చూసినట్టు గుర్తు పడకుండా మళ్ళీ మొదటికి తిప్పి పెట్టేదాన్ని."

తమ్ముడు చెయ్యి చాపి నా చేతిలో రిమోట్ తీసుకుని, దాన్ని ఒకసారి, అమ్మని ఒకసారి చూశాడు. "నీకు రిమోట్ రాదు కదా?"

"రాదని ఎవరన్నారు?"

"నువ్వే! తొమ్మిదేళ్ళనుంచి!"

"వచ్చంటే మీరిద్దరూ ఇలా వచ్చి కూర్చుంటారా?" అని, ఒళ్ళోంచి ఒక తువ్వాలు తీసి దులిపింది. "పెట్టు నాన్నా, పెట్టు. ఏడాది తర్వాత మళ్ళీ అందరూ ఆట ఆడ్డానికి వస్తారు, అది బాగుంటుంది."